పరాయి సర్కారుకు నెల రోజుల నౌకరి

నేను ముప్పై మూడేళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేశాను. అందులో ఒక నెల మాత్రం రెండు ప్రభుత్వాలకు చేశాను. ఒకటి నాకు జీతమిచ్చిన మన ప్రభుత్వం. రెండోది ఎక్కడో సముద్రాల అవతల, చలిదేశంలో ఉన్నది. ఆ దేశం పేరు చెప్పను. వాళ్ళు మర్యాదస్తులు. పైగా జరిగిన తప్పులో వాళ్ళ వాటా కంటే నా వాటా ఎక్కువ.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న మా తమ్ముడి కూతురు మొన్న ఒక ప్రశ్న పట్టుకొచ్చింది. ఒక దేశ ప్రభుత్వం ఇంకో దేశం ఎన్నికల్లో వేలు పెట్టవచ్చా, కూడదా? కాగితం మధ్యలో గీత గీసి అటు ఎనిమిది కారణాలు, ఇటు ఎనిమిది కారణాలు రాసుకుంది. నాకు అన్ని కారణాలు తెలియవు. నాకు తెలిసింది కృష్ణ ఒడ్డున ఒక ఊరు, అక్కడ జరిగిన ఒక మీటింగు, ఆ మీటింగులో నేను చేసిన రెండు వాక్యాల తర్జుమా. మీలో మండలాఫీసు కుర్చీల్లో కొత్తగా కూర్చుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వినండి.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. గద్వాల దగ్గర ఒక మండలంలో నేను విస్తరణాధికారిని. ఆఫీసులో ఇంగ్లీషు పేపరు తెప్పించుకునేది నేనొక్కణ్ణే. చదివేది క్రికెట్ పేజీ. అది ఎవరికీ తెలియదు కనుక ఇంగ్లీషులో దిట్టనని పేరొచ్చింది. ఉద్యోగంలో పేరు రావడం ఎంత ప్రమాదమో అప్పటికి నాకు తెలియదు.

ఒకరోజు మా ఎంపీడీవో గారు జిల్లా నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకుని నన్ను పిలిచారు. ఒక విదేశీ ప్రభుత్వం మన పల్లెల్లో ప్రజాస్వామ్యాన్ని బలోపేతం చేస్తుందట. సర్పంచులుగా పోటీ చేయదలచిన ఆడవాళ్ళకు శిక్షణ ఇస్తుందట. దానికి ఒక విదేశీ అధికారిణి వస్తుంది, దుబాసీ కావాలి.

"నాగర్‌కర్నూల్ దిక్కు పోతే కోలాటం ఆడించిండ్రట. వనపర్తి దిక్కు శాలువా కప్పిండ్రట. మనం తక్కువ కావద్దు" అన్నారు ఆయన.

"సార్, ఎన్నికల ముందు పరాయి దేశంవాళ్ళు..." అని నేను నసిగాను.

"ఎన్నికల కోడ్ శుక్రవారం దాకా రాదయ్యా. గురువారం సాయంత్రం దాకా ప్రజాస్వామ్యాన్ని మనం ఎంతైనా బలపరచొచ్చు."

నా సర్వీసులో ఇంత స్పష్టమైన ఉత్తర్వు ఇంకొకటి వినలేదు.

వచ్చిన అధికారిణి పొడగరి, యాభై ఏళ్ళు ఉంటాయి. ఊళ్ళవాళ్ళు ఆమెకు మొదటి రోజే తెల్లమ్మ అని పేరు పెట్టారు. మంచి మనిషి. జొన్నరొట్టె, పల్లీల పచ్చడి అడిగి మరీ పెట్టించుకుని తినేది. దండ వేయబోతే సిగ్గుపడి వెనక్కి జరిగేది. "బాగున్నరా" అనడం నేర్చుకుని గోడకు ఆనుకున్న అటెండరు నుంచి ఎంపీడీవో దాకా అందరినీ ఒకే గొంతుతో పలకరించేది. ఇది ఎంపీడీవో గారికి నచ్చలేదు.

శిక్షణలో మొదటి పాఠం ఆత్మవిశ్వాసం. ఇరవై మంది ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని "నేను చేయగలను" అని మూడుసార్లు అనాలి. అందులో ఒకామె కళ్ళు మూయలేదు. నలభై ఏళ్ళ మనిషి. దళిత కూలి కుటుంబం. కాగితాల్లో హిందువే, ఆదివారం మాత్రం చర్చికి పోతుంది. పదిహేనేళ్ళు పుణె, షోలాపూర్ దిక్కు మట్టిపనికి వలసపోయి, నలభై మంది కూలీల గుంపును నడిపింది. కాంట్రాక్టరు కొలత తక్కువ చూపిస్తే టేపు లాక్కుని మళ్ళీ కొలిపించేదట. ఊళ్ళో అందరూ మేస్త్రమ్మ అంటారు.

"మీరు దేనికి భయపడతారు?" అని తెల్లమ్మ ఆమెను అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

"గుంత లోపల ఉన్నప్పుడు పైన మట్టి కూలుతదేమోనని భయపడ్త సారూ. పైన నిలబడ్డ మనుషులకు ఎందుకు భయపడాలె?"

నేనది ఇంగ్లీషులో పెట్టేసరికి తెల్లమ్మ పుస్తకం తీసి రాసుకుంది. ఆ నిమిషం నుంచి మిగతా పంతొమ్మిది మంది ఆమెకు సగమే కనిపించారు.

మేస్త్రమ్మ సర్పంచి కావాలనుకోవడానికి ఒకటే కారణం. ఊళ్ళోనే వంద రోజులు పని చూపించాలని కొత్త చట్టం వచ్చింది. పంచాయతీ పనులు గుర్తించి తీర్మానం చేస్తే పూడిపోయిన కాలువ తీసే పని దొరుకుతుంది, జనం పుణె లారీ ఎక్కనక్కరలేదు. ఆ ఊరి పటేల్‌కు సరిగ్గా ఇదే ఇష్టం లేదు. కాలువ పని నడిస్తే వలసపోకుండా ఊళ్ళో మిగిలినవాళ్ళు కూడా అటే పోతారు, ఆయన పల్లీ పీకడానికి తక్కువ కూలికి ఎవరు వస్తారు? సర్పంచి పదవి దళిత మహిళకు రిజర్వు కావడంతో తను నిలబడే వీల్లేదు. అందుకని తన దగ్గర జీతగాడిగా ఉన్న మనిషి భార్యను నిలబెట్టాడు. ఆమె నెమ్మదస్తురాలు. తల మీది కొంగు తీయదు, ఏమడిగినా భర్త దిక్కు చూస్తుంది, ఆయన పటేల్ దిక్కు చూస్తాడు.

శిక్షణ చివరి రోజు గురువారం. తెల్లమ్మ మేస్త్రమ్మ ఊరు చూడాలంది. కోడ్‌కు ఇంకా కొన్ని గంటలుంది కనుక ఎంపీడీవో గారు సరేనన్నారు. ధరూర్ మీదుగా మా జీపు ఆ ఊరు చేరేసరికి టెంటు వేసి ఉంది, కుర్చీలు వేసి ఉన్నాయి, చల్లటి సోడాలున్నాయి. ఏర్పాట్లన్నీ చేయించింది పటేల్! ముందు వరసలో కూర్చుని తెల్లమ్మకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. ఎంత సంస్కారవంతుడు అనుకున్నాను. నాకు తెలివి ఆలస్యంగా రావడం అలవాటే.

తెల్లమ్మ పావుగంట మాట్లాడింది. పాలన, పారదర్శకత, ప్రక్రియ అని నేను తర్జుమా చేస్తూ పోయాను. జనం ఆవలించారు. ఎంపీడీవో గారు నా వైపు ఎర్రగా చూశారు. చివర తెల్లమ్మ అన్నది ఇది: ఎవరిని ఎన్నుకోవాలో చెప్పడానికి మేం రాలేదు, అది మీ హక్కు, మేం ఎవరి పక్షమూ కాదు, కానీ ఇటువంటి ఆడవాళ్ళు ముందుకొచ్చిన చోట ఊళ్ళు బాగుపడటం చూశాం.

అందులో మొదటి సగం పొడుగ్గా ఉంది, చప్పగా ఉంది. నేను రెండో సగమే చెప్పాను. అదీ ఇట్లా: "మేస్త్రమ్మ వంటివాళ్ళు గెలిస్తే ఊరు బాగుపడుతుందని అమ్మగారు అంటున్నారు!"

చప్పట్లు మోగాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

వెనక నుంచి ఒక ముసలాయన లేచాడు. "గెలిస్తే మాకు బోరేపిస్తరా?"

తెల్లమ్మ నవ్వి, లేదు, మేం బోర్లు వేయించం, గెలిచినవాళ్ళు ఎవరైనా సరే వాళ్ళతో కూర్చుని మాట్లాడతాం అంది.

"గెలిచిన తర్వాత కూర్చుని మాట్లాడదామంటున్నారు" అన్నాను.

ఈసారి ఈలలు కూడా వేశారు. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది పటేల్. అసలు కొట్టనిది మేస్త్రమ్మ.

జీపు ఎక్కబోతుంటే ఆమె నా పక్కకు వచ్చింది. "సారూ, ఆ అమ్మ 'నో' అన్నది. నాకు ఇంగ్లీషు రాదు గాని 'నో' తెల్సు. పుణెల కాంట్రాక్టర్లు దినాం పదిసార్లంటరు. మీరు ఆ 'నో' ఎందుకు చెప్పలె?"

"ఏం కాదమ్మా. నీకు మంచే జరుగుతుంది."

"మంచి నేను చూసుకుంట. అన్నమాట అన్నట్టు చెప్పి పోండ్రి సారూ. ఇంక జనం పోలె."

నిజమే. జనం ఇంకా సోడాలు తాగుతున్నారు. మైకు ఇంకా నడుస్తోంది. వెనక్కి వెళ్ళి రెండు ముక్కలు చెబితే సరిపోయేది. కానీ అప్పుడే చప్పట్లు కొట్టించుకున్న మనిషి, ఆ చప్పట్లు పొరపాటున వచ్చాయని చెప్పడం కష్టం. మీకెప్పుడైనా ఆ పరిస్థితి వస్తే తెలుస్తుంది. ఆలస్యమవుతోందని చెప్పి జీపెక్కాను. మర్నాడు కోడ్ వచ్చింది. తెల్లమ్మ హైదరాబాదు వెళ్ళిపోయింది. ఇక ఆ ఊళ్ళో నోరు తెరవడానికి నాకు నిబంధనలు ఒప్పుకోవు. ఒప్పుకున్నప్పుడు నేను తెరవలేదు.

పటేల్ ఆ ఎన్నికల్లో గట్టిగా ప్రచారం చేసింది లేదు. ఇంటి ముందు కూర్చుని, వచ్చినవాళ్ళను ప్రశ్నలడిగాడు, అంతే.

"తెల్లోళ్ళు ఇదివరకు మన దేశానికి ఏం పనిమీద వచ్చిండ్రో బడిల చదువుకోలేదార? గీడ కృష్ణ పారుతున్నది. బోరేస్త అని సముద్రం దాటి ఎవడన్న వస్తడా, నీళ్ళ మీద కన్ను లేకుంటె?"

సగం ఊరు అది నమ్మింది. మిగతా సగం, బోరు మంజూరై పోయిందని నమ్మింది. ఈ రెండోవాళ్ళతోనే మేస్త్రమ్మకు ఎక్కువ పరేషాన్. ఆమె వాకిట్లోకి వచ్చి, మా గల్లీల ఏపియ్యి అంటే మా గల్లీల ఏపియ్యి అని పోట్లాడుకున్నారట. "బోరు లేదు, గీరు లేదు, కాలువ పని ఇప్పిస్త" అని ఆమె చెబితే, బోరు తన చేను కాడికి దాచిపెట్టుకుంటున్నదని తేల్చారు. ఆమె పోయేది చర్చికి కనుక మూడో కథ కూడా ఒకటి పుట్టింది. దాన్ని ఇక్కడ రాసి దానికి ఇంకొంత ఆయుష్షు పోయను.

ఈ గొడవ మా ఆఫీసుకూ పాకింది. మా సూపరింటెండెంటు గద్వాల మనిషి, పాన్ నములుతూ లోకం చూసినవాడు. పరాయి సర్కారుకు మన ఎన్నికల్లో ఏం పని అని నేను ఆవేశపడితే నవ్వాడు.

"ఏందివయ్య నీ లొల్లి? పక్క దేశంల ఎన్నికలొస్తే ఎవరు గెలిస్తే మనకు లాభమని నీ ఇంగ్లీషు పేపరోడు రోజూ రాయడా? అప్పుడు నీకు తప్పు కండ్లవడలె. ఇగ తెల్లమ్మ పెట్టింది ఒక్క మీటింగు. పటేల్ తాత కాలం నుంచి పెడ్తనే ఉన్నడు. ఆయన పెడ్తే ఊరి కట్టుబాటు, ఆమె పెడ్తే దేశద్రోహమా?"

పేపరు తీసి క్రికెట్ పేజీ తెరిచాను.

అదే ఊరికి నన్ను ఎన్నికల అధికారిగా వేశారు. ఎవరు వేశారో గాని, విధికి మా జిల్లా ఆఫీసులో ఒక సీటు ఉందని అప్పుడు అర్థమైంది. పోలింగు ఒంటిగంట దాకా, లెక్కింపు భోజనాలయ్యాక, ఊరి బడిలోనే. పొద్దున్నే పుణె నుంచి లారీలో మేస్త్రమ్మ గుంపు దిగింది. రెండు రోజుల పని వదులుకుని వచ్చారు. వరసలో నిలబడ్డప్పుడు వాళ్ళలో ఒకడు ఆమెను సంబరంగా అడగడం విన్నాను. "అక్కా, తెల్లోళ్ళు బోరిచ్చిండ్రట గద!" ఆమె ఓటర్లతో మాట్లాడకూడదు. అవతల దిక్కు చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నం ఓట్లు విప్పాం. ఇద్దరికీ సమానంగా పడుతూ వచ్చాయి. ఒక చీటీ విప్పాను. మేస్త్రమ్మ గుర్తు మీద ముద్ర చక్కగా పడింది. కింద పెన్నుతో గుండ్రటి అక్షరాలు: "బోరు ఏమాయె?"

చీటీ మీద రాత ఉంటే ఓటు చెల్లదు. పైకి చదవాల్సి వచ్చింది. అవతలి ఏజెంటు పగలబడి నవ్వాడు. మేస్త్రమ్మ వంగి ఆ చీటీ చూసింది.

"చెల్లదా సారూ?"

"చెల్లదమ్మా."

"రాసినోడు నావోడే. పుణెల గుడిసెల కాడ ఈ అక్షరాలు నేనే నేర్పిన." మళ్ళీ ఒకసారి చూసి, "తప్పు లేకుండ రాసిండు" అంది.

దాన్ని చెల్లని కట్టలో పెట్టింది నా చేతులే. ఏడు ఓట్లతో ఆమె ఓడిపోయింది. ఆ ఒక్క చీటీ చెల్లినా ఫలితం మారదు. ఈ లెక్కతో నేను చాలాకాలం నన్ను ఓదార్చుకున్నాను. బోరు మాట విని ముద్ర అటు వేసినవాళ్ళు ఎందరో ఏ కట్టలోనూ తేలదు కదా.

మూడో రోజు తెల్లమ్మ వచ్చింది. ఈసారి టెంటు లేదు, ఎంపీడీవో రాలేదు, సోడాలు లేవు. మేస్త్రమ్మ ఇంటి ముందు గోనెపట్టా మీద ముగ్గురం కూర్చున్నాం. మా వల్ల నీకేమైనా నష్టం జరిగిందా అని తెల్లమ్మ అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

"సారూ, ముందుగాల ఆ రోజు మీరేం చెప్పిండ్రో ఆ అమ్మకు చెప్పుండ్రి. తర్వాత నేను మాట్లాడ్త."

తప్పించుకునే దారి చూశాను. లేదు. ఉన్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని నేను వదిలేసిన మాటలు, మార్చిన మాటలు ఒక్కొక్కటీ చెప్పుకున్నాను. తెల్లమ్మ ముఖం ఎర్రబడింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నీ తప్పు ఉంది. కానీ ఆ వారం నేను ఈ ఊరికి రానక్కర లేదు. రావాలనిపించి వచ్చాను" అంది.

మేస్త్రమ్మ ఆమె వైపు తిరిగింది. ఇక్కడి నుంచి నేను ఒక్క అక్షరం అటూ ఇటూ చేయలేదు.

"మీ ఊర్ల ఓట్లు వచ్చినప్పుడు, మా సర్కారు తరఫున నేనొచ్చి మీటింగు పెడ్తే రానిస్తరా అమ్మా?"

తెల్లమ్మ అబద్ధమాడగలిగేది. ఆడలేదు. "రానివ్వరు. మా చట్టం ఒప్పుకోదు" అంది. మళ్ళీ తనే ఉండబట్టలేక అడిగింది. "కానీ మీ పటేల్ దగ్గర పొలం ఉంది, మనుషులున్నారు, అందరి కూలీ ఆయన చేతిలో ఉంది. అటువంటి మనిషి ఎదుట నిన్ను ఒంటరిగా వదిలేసి, మాకు సంబంధం లేదని కూర్చోవడం న్యాయమా?"

అది మంచి ప్రశ్నే. నాకిప్పటికీ అది మంచి ప్రశ్న లాగే కనిపిస్తుంది. మేస్త్రమ్మ కూడా తొందరపడలేదు. కాలి గోటితో మట్టి గీరుతూ ఆలోచించింది.

"పటేల్ మంచోడని నేననను. కాని రేపు పొద్దుగాల కూడ ఆయన గీన్నే ఉంటడు, నేనూ గీన్నే ఉంట. ఆయన అన్యాలం జేస్తే పోయి ఆయన గడపల నిలవడి అడుగుత, లొల్లి పెడ్త, పది మందిని జమ జేస్త. మీరు మంచి మనసుతోనే వచ్చిండ్రు, కాదనను. మీతోని తప్పయితే ఎవరి గడపకు రావాలె నేను? ఏ బస్సెక్కాలె?"

తర్జుమా చేశాను. తెల్లమ్మ పుస్తకం తీయలేదు. లేచేటప్పుడు మేస్త్రమ్మ చేతులు పట్టుకుని మెల్లగా ఏదో అంది. అది వాళ్ళ భాష, ఇంగ్లీషు కాదు. నాకు అర్థం కాలేదు. నన్నెవరూ తర్జుమా అడగలేదు కూడా.

ఆ తర్వాత కార్యక్రమం మీద నివేదిక పంపాలి కదా. రాసింది నేనే. "గెలుపోటములకు అతీతంగా మహిళల్లో నాయకత్వ స్పృహ గణనీయంగా పెంపొందింది" అని రాశాను. ఎంపీడీవో గారు 'గణనీయంగా' కొట్టేసి 'విశేషంగా' చేశారు. విదేశంలో ఎవరో చదివి సంతోషించారట. నాకొక ప్రశంసాపత్రం వచ్చింది. దానిలో నా అనువాద నైపుణ్యాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

దసరా దగ్గరపడింది. మా మండలంలో దసరా వెళ్ళిందంటే పుణె లారీలు కదులుతాయి. ఒక సోమవారం ఆఫీసు ముందు యాభై అరవై మంది ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ముందర మేస్త్రమ్మ. ఆమె పక్కన తల నిండా కొంగు కప్పుకుని కొత్త సర్పంచి. వాళ్ళిద్దరూ ఒకే షేర్ ఆటోలో దిగడం మా అటెండరు చూసి వచ్చి చెబితే నేను నమ్మలేదు. గేటు అవతల పటేల్ మోటారు సైకిలు స్టాండు వేసి, దాని మీదే కూర్చుని ఉన్నాడు. సర్పంచి భర్త ఆయన పక్కన నిలబడి ఉన్నాడు.

కాలువ పూడిక తీసే పనికి గ్రామసభ తీర్మానం తెచ్చారు. మేస్త్రమ్మ దాన్ని నా బల్ల మీద పరిచింది. అంతా పద్ధతిగానే ఉంది, సర్పంచి వేలిముద్ర ఒక్కటే లేదు.

నేను సర్పంచిని అడిగాను. "అమ్మా, ఇది నీకు సమ్మతమేనా? బాగా ఆలోచించుకున్నావా?"

అలవాటు ప్రకారం ఆమె వెనక్కి తిరిగి చూసింది. కిటికీలోంచి భర్త కనిపించాడు. ఆయన పటేల్ దిక్కు చూశాడు. పటేల్ మెల్లగా, అందరికీ కనపడేటట్టు తల అడ్డంగా ఊపాడు. మేస్త్రమ్మ ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. ఊరుకోవడం కూడా ఒక పనేనని ఆ రోజు నేర్చుకున్నాను.

సర్పంచి చాలాసేపు అటే చూసింది. తర్వాత ఇటు తిరిగింది. అప్పటిదాకా నేను ఆమె గొంతు వినలేదు.

"మా పెద్దబిడ్డ పోయినేడు లారీల పుణె పోయింది సారూ. దసరాకు గూడ రాలేనన్నది" అంది. "పటేల్ నాకు ఓట్లు ఏపిచ్చిండు, నిజమే. ఆయనకు దండం పెడ్త. యేలు మాత్రం నాదే గద?"

ఇంకు డబ్బా తనే దగ్గరికి లాక్కుని, బొటనవేలు ముంచి, "యాడ వెయ్యాలె?" అని అడిగింది. నేను చోటు చూపించాను.